మన పల్లెల వ్యాయామశాలలు



ఒక గ్రామము గ్రామమనిపించుకొనవలెనన్నచో దానికి గుడి, బడి, చెఱువు, తోట, చావడి ఉండవలెనని మన పెద్దలు తలచిరి. వీనితోపాటు మఱియొకటి మన ఉత్తరాంధ్రసీమలోని పెక్కు గ్రామములలో నుండెడిది. దానిని కొందఱు గరిడి యనియు, కొందఱు తాలింఖానా యనియు పిలుచుచుండిరి. నేడు వ్యాయామశాల యనుచున్నాము. ఊరి చివర నొక పాక; పాకలో మెత్తని మన్ను పోసిన గోదా; గోడకు ఆంజనేయస్వామి పటము; మూల నాలుగు సాముకఱ్ఱలు, రెండు ముద్గరములు, కొన్ని బరువురాళ్లు. గరిడి సంపద యంతయు నింతియే.

ఈ గరిడిని గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. నేను చెప్పదలచినది ముఖ్యముగా నొక్కటే. లోకమున పేరుగాంచిన బలశాలి ఆకాశమునుండి ఊడిపడడు. అతని వెనుక నొక స్థలముండును, ఒక గురువుండును, కాదనక సెలవిచ్చిన యొక యిల్లును ఒక యూరును ఉండును. వీరఘట్టమునుండి సిడ్నీనగరము వఱకు నడచిన యొక చరిత్ర దీనిని చక్కగా నిరూపించుచున్నది. ఆ చరిత్రలో మీబోటి గ్రామపెద్దలకు భాగము కలదు గనుకనే మీ యెదుట దీనిని చెప్పుచున్నాను.

వ్యాయామవిద్య మనకు పరదేశమునుండి క్రొత్తగా దిగుమతియైనది కాదు. కల్యాణి రాజధానిగా నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను సంస్కృతగ్రంథమును రచించెను. అందు మల్లవినోదమని యొక ప్రకరణము కలదు. మల్లులను ఏయే తరగతులుగా నేర్పఱుపవలెనో, వారికెట్టి యాహారమీయవలెనో, ఎట్టి సాధన చేయింపవలెనో అందు వివరింపబడినది. రాజ్యభారము వహించిన ప్రభువు ఈ సంగతులను కూర్చుండి వ్రాయుట చూడగా, ఆ కాలమువారు దీనిని చిన్నవిషయముగా నెంచలేదని స్పష్టమగుచున్నది.

శ్రీకృష్ణదేవరాయల దినచర్యను గూర్చి మీరు వినియుందురు. 1520వ సంవత్సర ప్రాంతమున హంపీ విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు దానిని వ్రాసియుంచెను. రాయలు తెల్లవాఱకమునుపే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలినిండ నూనె పట్టించుకొని, గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో నెత్తి సాధన చేయునట. పిమ్మట కత్తిసాము చేసి, నూనె యంతయు చెమటగా కాఱిపోవువఱకు శ్రమించి, మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి స్వారి చేయునట. ఇన్నియు ముగిసిన పిదపనే స్నానము, పూజ, రాచకార్యము. మహాకవులను సభలో కూర్చుండబెట్టుకొన్న రాజునకు గోదాలోని మన్ను అంటరానిది కాలేదు.

రాయల బరువులు మట్టివి. మన పల్లెవారి బరువులు రాతివి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారికి సంగిడిరాయి యనగా నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. పట్టుకొనుటకు వీలుగా పిడి తొలిచినవి కొన్ని, గుండ్రనివి కొన్ని. సంక్రాంతికిని, గ్రామదేవత పండుగలకును వీనిని ఎత్తు పోటీలు పెట్టుట మనసీమలో ఆచారము. పగలంతయు నాగలిపట్టిన రైతుబిడ్డ సాయంకాలము గరిడికి పోయి దండీలు, బస్కీలు తీసి, రాతిని మోకాలికిని, మోకాలినుండి ఱొమ్మునకును, ఱొమ్మునుండి భుజమునకును తెచ్చుట అభ్యసించును. పండుగనాడు దానిని తలపైకెత్తి నిలిచిన వానికి ఊరివారు పంచెలచాపు కప్పుదురు. ఈ అభ్యాసమున్న నేలయగుటచేతనే తరువాతి కాలమున ఇనుపబరువులు వచ్చినప్పుడు మనవారికి అవి వింతగా తోచలేదు.

ఈ నేలనుండి వెలువడిన మొదటి మహాబలుడు కోడి రామమూర్తినాయుడుగారు. వారు జన్మించిన వీరఘట్టము నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. పినతండ్రిగారి యింట విజయనగరమున పెరిగి, అచ్చటనే వ్యాయామమున రుచి మరగిరి. చెన్నపట్టణమున సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమునకు తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులైరి. ఈ సంగతి పలువురు మఱచిపోయినారు. రామమూర్తిగారనగానే ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొన్న దృశ్యము, శరీరమునకు చుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచిన దృశ్యము, రెండు మోటారుకార్లను చెరియొక చేతను కదలనీయక నిలిపిన దృశ్యము మనకు తలపునకు వచ్చును. కాని వారు మొట్టమొదట బడిపంతులు. పిల్లలచేత కసరత్తు చేయించిన చేతులే పిదప ఇనుపగొలుసులను త్రెంచినవి.

తరువాత వారు సర్కసుకంపెనీ నెలకొల్పి దేశమెల్ల తిరిగిరి. ఇంగ్లండునకును పోయిరి. కలియుగభీముడనియు, ఇండియన్ హెర్క్యులిస్ అనియు బిరుదులు పొందిరి. వారు శాకాహారులు; ప్రాణాయామము చేసినవారు. బలమునకు మాంసమును, మద్యమును అవసరమను మాటను తమ దేహముతోనే ఖండించిరి. 1942వ సంవత్సరమున వారు స్వర్గస్థులైరి. శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు వారి పేరే పెట్టబడినది. అయినను వారి ప్రదర్శనలు చూచిన పిల్లవాండ్రు ఇంటికి తిరిగివచ్చి, ఊరిలోని మూతబడిన గరిడి తలుపులు తెఱచుటయే వారికి నిజమైన స్మారకమని నా యభిప్రాయము.

ఒక్క బలశాలి ఎంత గొప్పవాడైనను, అతనితోనే అతని బలము పోవును. అది నిలువవలెనన్నచో విద్యగా మాఱవలెను. 1920వ సంవత్సరమున చెన్నపట్టణమున హెచ్. సి. బక్ అను అమెరికాదేశస్థుడు వై. ఎం. సి. ఏ. పక్షమున వ్యాయామోపాధ్యాయులకు శిక్షణాలయము స్థాపించెను. అచ్చట శిక్షణ పొందినవారు రాజధానిలోని ఉన్నతపాఠశాలలకు డ్రిల్లు మాస్టర్లుగా వచ్చిరి. గోదాలోని సాధనకు కాలనియమము, కొలత, పట్టిక అనునవి వచ్చి చేరినవి. రాతికి బదులు రెండుకొనల పళ్లెములు తగిలించిన యినుపరాడ్డు వచ్చినది. కృష్ణాజిల్లా గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావుగారు 1948వ సంవత్సరపు లండను ఒలింపిక్సులో మన దేశము పక్షమున బరువులెత్తిరి. 1951వ సంవత్సరమున ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో కంచుపతకము పొందిరి. తరువాత వారే నర్తనశాల చలనచిత్రమున భీముని వేషము ధరించిరి.

ఈ పోటీనియమములు ఎఱుగనివారి కొఱకు కొంచెము చెప్పెదను. బరువునెత్తుట రెండు విధములు. మొదటిదానిలో రాడ్డును నేలనుండి ఒక్క ఊపున తలపైకి తేవలెను. దీనిని స్నాచ్ అందురు. రెండవదానిలో మొదట భుజములపైకి తెచ్చి, నిలిచి, పిదప తలపైకి ఎగదోయవలెను. దీనిని క్లీన్ అండ్ జెర్క్ అందురు. ఒక్కొక్కదానికి మూడు ప్రయత్నములు. రెండింటిలోను ఎత్తిన హెచ్చుబరువులను కూడి మొత్తము చూతురు. ఎవరి శరీరభారమును బట్టి వారికి వేఱు వేఱు తరగతులు కలవు. మొత్తము సమానమైనచో, 2000వ సంవత్సరపు నియమము ప్రకారము, తక్కువ శరీరభారము గలవారిదే గెలుపు.

ఇక ప్రస్తుతమునకు వచ్చెదను. శ్రీకాకుళము జిల్లాలో శ్రీకాకుళం రోడ్డు స్టేషనున్న ఆమదాలవలస మీరెఱుగుదురు. దాని చేరువనున్న పల్లె ఊసవానిపేట. ఆ యూరి వ్యాయామశాల కట్టడపు గొప్పచేత పేరు పొందినది కాదు. అచ్చట నేర్పిన గురువుచేత పేరు పొందినది. ఆయన నీలంశెట్టి అప్పన్నగారు. రైల్వే రక్షకదళమున కానిస్టేబులుగా నున్న కరణంవారి కుమార్తెలలో పెద్దపిల్లలు ముందుగా ఆయనయొద్ద బరువులెత్తుట నేర్చుకొనిరి. వారిని చూచి 1975వ సంవత్సరమున పుట్టిన చిన్నపిల్ల మల్లీశ్వరికిని ఆ కోరిక కలిగినది. బక్కపలుచగా నున్న ఆ పిల్లను గురువుగారు మొదట చేర్చుకొనుటకు సమ్మతింపక, ఇంటిపనులలో తల్లికి సాయపడుమని చెప్పిరని ఆమెయే తరువాత చెప్పియున్నది. అప్పుడు తల్లి, నీవు చేయగలవని చెప్పి ప్రోత్సహించినది. పన్నెండేండ్ల ప్రాయమున ఆమె రాడ్డు పట్టినది. గురువుగారును పిమ్మట ఆమెకు శ్రద్ధతో విద్య నేర్పిరి.

అయ్యలారా! ఆ తల్లి యొక్కమాట కాదనియున్నచో తరువాతి కథ లేదు. దీనిని మనము గుర్తుంచుకొనవలెను.

1990వ సంవత్సరమున జాతీయశిక్షణ శిబిరమునకు అక్కతోకూడ పోయిన మల్లీశ్వరిని, 1980వ సంవత్సరపు ఒలింపిక్సు విజేతయైన లియొనీడ్ తరనెంకో అను పరదేశపు శిక్షకుడు చూచి, ఈ పిల్లలో సత్తువ కలదని కనిపెట్టెను. పిదప మూడేండ్లకు, 1993వ సంవత్సరమున, ఆమె ప్రపంచపోటీలలో కంచుపతకము పొందినది. 1994, 1995 సంవత్సరములలో వరుసగా ప్రపంచవిజేతయైనది. 1996వ సంవత్సరమున మరల కంచుపతకము, 1998వ సంవత్సరపు బ్యాంకాకు ఆసియా క్రీడలలో రజతపతకము పొందినది.

అప్పటివఱకు ఒలింపిక్సులో స్త్రీలకు బరువులెత్తు పోటీ లేదు. 2000వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని సిడ్నీలో అది మొదటిసారి ప్రవేశపెట్టబడినది. సెప్టెంబరు 19వ తేదీన 69 కిలోల తరగతిలో మల్లీశ్వరి రంగమునకు వచ్చినది. మొదటి విధమున 110 కిలోలు, రెండవ విధమున 130 కిలోలు ఎత్తినది. మన ధాన్యపు బస్తా 75 కిలోలనుకొన్నచో, ఒకటిముప్పావు బస్తా బరువును ఒక స్త్రీ తలపైకెత్తి నిలిచినదన్నమాట. మొత్తము 240 కిలోలు. చైనాదేశపు లిన్ వైనింగును, హంగరీదేశపు ఎర్జెబెత్ మార్కుషును చెరి 242.5 కిలోలు ఎత్తిరి. శరీరభారము తక్కువగుటచేత స్వర్ణము చైనా వనితకు దక్కినది. మన పిల్లకును వారికిని భేదము రెండున్నర కిలోలు. మన పాతలెక్కలో రెండు వీసెలైనను లేవు. కడపటి ప్రయత్నమున ఆమె స్వర్ణమునకే గుఱిపెట్టి 137.5 కిలోలకు చేయి చాచినది. అది నిలువలేదు, కంచుపతకము నిలిచినది. ఒలింపిక్సులో పతకము పొందిన మొట్టమొదటి భారతస్త్రీ ఆమెయే. ఆ యేడు మన దేశమంతటికిని వచ్చిన పతకము అదియొక్కటే. కోట్లకొలది ప్రజలున్న దేశముయొక్క పరువును ఆనాడు ఊసవానిపేట కాపాడినది. 2021వ సంవత్సరమున ఆమె ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతిగా నియమింపబడినది.

ఇది ఒక్క పల్లె భాగ్యము మాత్రమే కాదు. విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ గ్రామము బరువులెత్తువారి గ్రామమని పేరుపొందినది. ఆ యూరి ఆడబిడ్డ మత్స సంతోషి 2014వ సంవత్సరమున గ్లాస్గోలో జరిగిన కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతియందు 188 కిలోలెత్తి మూడవస్థానము పొందినది. ప్రథమస్థానము పొందిన పరదేశపు బాలిక నిషిద్ధమైన మందు వాడినట్లు పరీక్షలో తేలగా ఆమె పతకము రద్దయి, మన సంతోషికి రజతపతకము వచ్చినది.

ఇక బాపట్ల సమీపమున స్టూవర్టుపురము కలదు. బ్రిటిషు ప్రభుత్వము ఎఱుకలవారిని నేరస్థజాతి యని చట్టముచేత ముద్రవేసి, 1913వ సంవత్సరమున అచ్చట నొక కాలనీ స్థాపించి వారిని నిర్బంధముగా నుంచినది. ఆ చట్టము 1952వ సంవత్సరమున రద్దయినను ఊరిమీది నింద చాలకాలము పోలేదు. ఆ యూరి యువకుడు రాగాల వెంకటరాహుల్ 2018వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో గోల్డుకోస్టునందు జరిగిన కామన్వెల్తు క్రీడలలో 338 కిలోలెత్తి స్వర్ణపతకము తెచ్చెను. చట్టము తీసివేసినను తొలగని మచ్చను తుడుచుటకు ఇట్టి విజయములు ఎంత తోడ్పడునో ఆ యూరివారి నడిగిన తెలియును.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి మూడు సంగతులు.

మొదటిది స్థలము. గరిడికి మేడ యక్కఱలేదు, ఎకరము నేల యక్కఱలేదు. కాని ఉన్న నేల ఉండవలెను. నేను ఉద్యోగము చేసిన యూళ్లలో నొకచోట గరిడిపాక కూలిపోగా, స్థలము కొంచెము కొంచెముగా పొరుగుదొడ్లలో కలిసిపోయినది. మా తాతల కాలమున ఊరి పడుచువాండ్రు ఎత్తిన సంగిడిరాయి యొకరి గుమ్మము ముందు కాళ్లు కడుగుకొను రాయియైనది. ఆ రాతిపై ప్రతిదినము కాలుపెట్టువారికి అది యేమో తెలియదు. గ్రామకంఠములో నిట్టి స్థలమున్నచో దానిని పంచాయతీ దస్తావేజులలో వ్యాయామశాల పేర వ్రాయించుట మీచేతిలోని పని. నోటిమాటపై నిలిచిన స్థలము ఒక తరమును దాటదు.

రెండవది గురువు. బరువులెత్తుట ప్రమాదముతో కూడిన విద్య. నడుము వంచవలసినచోట వంచక, మోకాలు మడువవలసినచోట మడువక ఎత్తినవానికి వెన్ను జీవితాంతము బాధించును. కావున తెలిసినవాడు దగ్గఱనుండి చూడవలెను. మన జిల్లాలలో ఒకప్పుడు పోటీలలో పాల్గొని, నేడు ఇంటిపట్టుననున్నవారు పలువురున్నారు. వారిని పిలిచి, గౌరవముతో కూర్చుండబెట్టి, పిల్లల నప్పగించినచో వారు సంతోషముతో నేర్పుదురు. గురువునకు మనమీయవలసిన మొదటి దక్షిణ మర్యాద.

గురువు చేతిలో నున్న మఱియొక రక్ష కూడ కలదు. త్వరగా బలము రావలెనను ఆశతో మందులు వాడుట ఈ విద్యకు పట్టిన చీడ. 2004వ సంవత్సరపు ఏథెన్సు ఒలింపిక్సులో మన దేశపువారే ఇరువురు పరీక్షలో పట్టుబడిరి. సంతోషికి వచ్చిన రజతము ఒకవైపున, ఈ యవమానము మఱియొకవైపున ఉంచి చూడుడు. పాలు, పప్పు, రాగిజావ, నువ్వులు, నిద్ర, నియమము, వీనితో వచ్చు బలమే నిలుచును. సీసాలలో వచ్చు బలము పరీక్షనాడు పరువుతో కూడ పోవును. ఈ మాటను చేరిన మొదటినాడే పిల్లలకు చెప్పవలెను.

మూడవది అనుమతి. ఇది ముఖ్యముగా ఆడపిల్లల విషయము. ఆడపిల్ల బరువులెత్తినచో దేహము మోటుపడుననియు, పెండ్లి కాదనియు చెప్పువారు నేటికిని కలరు. నేను వారిని ఒక్కటి యడుగుచున్నాను. మన పల్లెస్త్రీలు బరువుమోయుట క్రొత్తగా నేర్వవలెనా? చెఱువునుండి కడవలపై కడవలు పెట్టి నీళ్లు తెచ్చునదెవరు? అడవినుండి కట్టెలమోపు తెచ్చునదెవరు? కోతల కాలమున వరిమోపులు తలకెత్తుకొని గట్లమీద నడచునదెవరు? తరతరములుగా వారు మోసిన బరువునకు లెక్క లేదు, పతకమును లేదు. ఆ సత్తువకే కొంచెము విద్య తోడైనప్పుడు అది సిడ్నీలో కంచుగా మాఱినది. మోయవచ్చును గాని నేర్వరాదనుట న్యాయము కాదు.

అందఱు పిల్లలును ఒలింపిక్సునకు పోరు. నూటికి తొంబదితొమ్మిదిమంది పోరు. అయినను సాయంకాలము గరిడికి పోవు కుఱ్ఱవాడు కల్లుపాకకు పోడు, పేకాటకు కూర్చుండడు. తెల్లవాఱుజామున లేచుట నేర్చుకొనును. తన బలమెంతయో తెలిసినవాడు గనుక బలహీనునిపై చేయి చేసికొనడు. పోటీలలో రాణించినవారికి రైల్వే, పోలీసు, సైనికశాఖలలో క్రీడాకారుల కొఱకు ప్రత్యేకించిన యుద్యోగములును కలవు. ఈ మార్గమున కుటుంబములు నిలద్రొక్కుకొన్న పల్లెలు మన చుట్టుప్రక్కలనే యున్నవి. కాని ఉద్యోగము దొరికినను దొరకకున్నను, నడుము వంగని యౌవనము ఊరికి లాభమే.

మీ యూర గరిడి యుండెనేమో, అది యెచ్చట నుండెనో, మీకంటె పెద్దవారు సజీవులై యుండగానే అడిగి తెలిసికొనుడు. అచ్చట నేర్పిన వస్తాదు పేరును, ఎత్తిన మల్లుల పేళ్లును ఒక పుస్తకములో వ్రాయించి బడిలో నుంచుడు. పిల్లలు తమ తాతల పేళ్లను అందు చూచిననాడు ఆ పాక తలుపులు మరల తెఱచుటకు మనము వారిని బ్రతిమాలనక్కఱలేదు.

సెలవు.